201వ యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు

తెలంగాణలో ఒక ఇంట్లో నెలకు 200 యూనిట్లు కాలితే ఎనర్జీ చార్జీ, అంటే కాలిన యూనిట్లకే పడే డబ్బు, 820 రూపాయలు. అదే ఇంట్లో 201 కాలితే 1027 రూపాయల 70 పైసలు. ఆ చివరి ఒక్క యూనిట్‌కి పడిన ధర 207 రూపాయల 70 పైసలు. ఇందులో మీటరు తప్పేమీ లేదు, బిల్లు కొట్టినవాళ్ల తప్పూ లేదు. శ్లాబులు కట్టిన తీరే అంత. ఈ తీరు తెలియక, బిల్లు ఎక్కువొచ్చిన ప్రతిసారీ మీటరునే అనుమానిస్తుంటాం.

2025-26 రేట్లు చూడండి. తెలంగాణలో గృహ వినియోగదారులకు నిజానికి మూడు వేర్వేరు రేట్ల పట్టికలు ఉన్నాయి. నెలకు 100 యూనిట్ల లోపు కాల్చే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున. 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందా 3.40, రెండో వంద 4.80. 200 దాటిందా, మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోతుంది: 200 వరకు 5.10, 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు, 800 వరకు 9.50, ఆపైన 10. గీత దాటగానే కింది శ్లాబుల చవక రేటు పోతుంది. 100 దగ్గర కూడా ఇదే గీత ఉంది. 100 యూనిట్లకు 252.50, 101 యూనిట్లకు 344.80. అక్కడ పడే దెబ్బ 92 రూపాయలే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ముందు దాకా ఇలాంటి గ్రూపులే ఉండేవి. ఆ ఏడాది వాటిని తీసేసి అందరికీ ఒకే పట్టిక పెట్టారు. 30 యూనిట్ల వరకు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఎన్ని యూనిట్లు కాల్చినా మొదటి 30 యూనిట్లకు 1.90 మాత్రమే. అందుకే అక్కడ 200 యూనిట్లకు 867 రూపాయలు, 201కి 873. మెట్లు ఉన్నాయి కానీ గోతులు లేవు. 300 యూనిట్ల దగ్గర రెండు రాష్ట్రాలనూ పక్కపక్కన పెడితే ఆంధ్రలో 1673, తెలంగాణలో 1790. 100 దగ్గర పెడితే ఆంధ్రలో 304.50, తెలంగాణలో 252.50. ఎవరిది చవక అన్న వాదనలో రెండువైపులా నిజం ఉంది, ఎన్ని యూనిట్ల దగ్గర నిలబడి మాట్లాడుతున్నామన్నదే తేడా.

తెలంగాణలో గృహజ్యోతి వచ్చాక ఆ 200 గీత ఇంకా పదునెక్కింది. 2024 మార్చి నుంచి అమలవుతున్న ఈ పథకంలో ఆహార భద్రత కార్డు, ఆధార్, సర్వీస్ నంబరు ముడిపెట్టుకున్న ఇంటికి 200 యూనిట్ల లోపైతే జీరో బిల్లు. 201 అయితే ఆ ఒక్క యూనిట్‌కే కట్టడం కాదు, మొత్తం 201 యూనిట్లకూ కట్టాలి. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం కలుపుకుంటే 1100 దాటుతుంది. 195 యూనిట్ల దగ్గర ఉన్న ఇంట్లో నెలాఖరున రెండు రోజులు ఏసీ వేసుకోవడానికి అయ్యే అసలు ఖర్చు అది.

కాబట్టి బిల్లు చేతికి రాగానే మొదట చూడాల్సింది రూపాయలు కాదు, తేదీలు. పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ, మధ్యలో ఎన్ని రోజులు. రోజుకు 6.3 యూనిట్లు కాల్చే ఇంట్లో 30 రోజులకు 189 అవుతుంది, 33 రోజులకు 208. వాడకం ఏమీ మారలేదు, రీడింగ్ మూడు రోజులు ఆలస్యమైందంతే. 767 రూపాయల ఎనర్జీ చార్జీ 1081 అవుతుంది, జీరో బిల్లు ఇంటికైతే సున్నా కాస్తా 1081. అలాంటప్పుడు శ్లాబ్ పరిధిని రోజులకు తగ్గట్టు సర్ది లెక్క వేశారో లేదో కాగితం మీద చూసుకోవాలి. సర్దకపోతే ఆ బిల్లు, దాని ముందు నెల బిల్లు రెండూ పట్టుకుని, కరెంటు బిల్లుల లెక్కలు చూసే ఈఆర్వో ఆఫీసులో బిల్లు రివిజన్‌కి అర్జీ పెట్టాలి. నోటిమాటగా లైన్‌మన్‌కి చెబితే పని జరగదు, ఎందుకంటే బిల్లు సరిదిద్దే అధికారం ఆయనకు లేదు.

ఇల్లు తాళం వేసి ఉన్న నెల ఇంకో రకం చిక్కు. మీటరు లోపల ఉంటే రీడింగ్ దొరకదు, సగటు మీద బిల్లు కొడతారు. ఉదాహరణకు రెండు నెలలూ 150 చొప్పున కాలాయనుకుందాం. మొదటి నెల సగటు కింద 90 వేశారు. రెండో నెల అసలు రీడింగ్ తీస్తే మిగిలిన 210 ఒకేసారి పడతాయి, గీత దాటేస్తాయి. నెలనెలా సరిగ్గా తీసి ఉంటే తెలంగాణ రేట్లలో రెండు నెలలకు కలిపి 1160, ఇలా తీస్తే 1318. మందు సులువే. ఊరెళ్లే ముందు, వచ్చాక మీటరు తెరను ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోవాలి, యూనిట్లను రెండు నెలలకు పంచి లెక్క వేయమని అడగాలి. ఫోటో తీసేటప్పుడు ఒక జాగ్రత్త: తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి, కేడబ్ల్యూహెచ్ అని పక్కన కనిపించే అంకె మాత్రమే యూనిట్లు. కేవీఏహెచ్ అన్నదో, వోల్టేజీయో, గరిష్ఠ డిమాండో పట్టుకుని వాదనకు దిగితే నవ్వులపాలే.

ఎనర్జీ చార్జీ కింద ఉండే చిన్న చిన్న పంక్తుల గురించి. మామూలు ఇళ్లకు ఫిక్స్‌డ్ చార్జీ రెండు రాష్ట్రాల్లోనూ మంజూరైన లోడు కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు. విద్యుత్ సుంకం ఇళ్లకు యూనిట్‌కు 6 పైసలు. ఇవి తలనొప్పులు కావు. తలనొప్పి ఏసీడీ, అంటే అదనపు వినియోగ డిపాజిట్. కనెక్షన్ తీసుకున్నప్పుడు కట్టిన డిపాజిట్, మీ రెండు నెలల సగటు బిల్లుకు సమానంగా ఉండాలన్నది నిబంధన. ఏటా ఒకసారి లెక్క చూసి, తక్కువైతే తేడాను అదనపు డిపాజిట్‌గా అడుగుతారు. కొత్తగా ఏసీ పెట్టిన ఏడాది తర్వాత ఉన్నట్టుండి బిల్లులో రెండు మూడు వేలు ఎక్కువ కనిపిస్తే నూటికి తొంభై పాళ్లు ఇదే. అది చార్జీ కాదు, మీ పేరు మీదే ఉండే డబ్బు. దాని మీద ఏడాదికోసారి వడ్డీ కూడా బిల్లులో తగ్గిస్తారు, అది తగ్గిందో లేదో చూసుకునేవాళ్లు మాత్రం అరుదు. అద్దె ఇంట్లో అయితే డిపాజిట్ ఇంటి యజమాని సర్వీస్ నంబరు మీద నిలుస్తుంది, ఇల్లు ఖాళీ చేసినా అక్కడే ఉంటుంది. అందుకే ఏసీడీ కిరాయిదారు కడితే అద్దెలో మినహాయించుకునేలా ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఆంధ్రలో దీనికి తోడు ఇంధన సర్దుబాటు చార్జీ ఉంది, బిల్లు మీద ఎఫ్‌పీపీసీఏ అని ఉంటుంది. కరెంటు కొన్న ఖర్చు ముందు వేసుకున్న అంచనా దాటితే యూనిట్‌కు 40 పైసల దాకా ప్రతి నెలా వసూలు చేసుకోవచ్చు. అంతకు మించిన భాగం విద్యుత్ నియంత్రణ మండలి విచారణ తర్వాత ట్రూ-అప్ పేరుతో వాయిదాల్లో వస్తుంది. 300 యూనిట్లు కాల్చే ఇంటికి 40 పైసల లెక్కన 120 రూపాయలు. ఇందులో తమాషా ఏమిటంటే, ఒక నెల కాల్చిన యూనిట్లకు ఈ చార్జీ రెండు నెలల తర్వాతి బిల్లులో పడుతుంది. కొత్తగా ఇంట్లో దిగినవాళ్లు, ఖాళీ చేసి వెళ్లినవాళ్ల వేసవి ఏసీకి కడుతుంటారు.

ఇంతకీ ఈ కరెంటు మనకు అమ్మేది ఎవరు? డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు. తెలంగాణలో దక్షిణ డిస్కం హైదరాబాద్ కేంద్రంగా, ఉత్తర డిస్కం హనుమకొండ కేంద్రంగా పనిచేస్తాయి. ఆంధ్రలో తూర్పు డిస్కం విశాఖపట్నం నుంచి, మధ్య డిస్కం విజయవాడ నుంచి, దక్షిణ డిస్కం తిరుపతి నుంచి. సిరిసిల్లలో మాత్రం 1970 నుంచి సహకార సంఘం ఉంది, సెస్ అంటారు. ఫోన్‌లో బిల్లు కట్టేటప్పుడు వీటిలో సరైనది ఎంచుకోకపోతే సర్వీస్ నంబరు దొరకదని చూపిస్తుంది, కొన్నిసార్లు ఇంకెవరి పేరో చూపిస్తుంది. పేరు చూసి గానీ డబ్బు పంపొద్దు. ఇక ఒక డిస్కం నచ్చకపోతే ఇంకోదానికి మారే వీలు ఇళ్లకు లేదు. పెద్ద పరిశ్రమలు ఓపెన్ యాక్సెస్ కింద బయట కొనుక్కోగలవు, ఇళ్లు కొనుక్కోలేవు. ప్రాంతం మారితే డిస్కం మారుతుంది కానీ, ఒక రాష్ట్రంలో అన్ని డిస్కంలకూ గృహ రేట్లు ఒక్కటే.

డిస్కం తన సొంతంగా కరెంటు తయారు చేయదు, విద్యుత్ కేంద్రాల నుంచి కొంటుంది. తెలంగాణకు పాల్వంచలోని కేటీపీఎస్, మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి, భూపాలపల్లిలో 1100 మెగావాట్లు, జైపూర్‌లో సింగరేణి వాళ్ల 1200 మెగావాట్లు, రామగుండంలో ఎన్టీపీసీ, దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి. అన్నీ బొగ్గే. ఆంధ్రకు ఇబ్రహీంపట్నంలో 2560 మెగావాట్ల వీటీపీఎస్, కృష్ణపట్నంలో 2400, ముద్దనూరు దగ్గర 1650 మెగావాట్ల ఆర్టీపీపీ, విశాఖ పక్కన సింహాద్రి. నీటి కరెంటులో పెద్దది శ్రీశైలం: ఎడమ గట్టు 900 మెగావాట్లు తెలంగాణవి, కుడి గట్టు 770 ఆంధ్రవి. సీలేరు ఆంధ్రది. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్‌ను నమ్ముకుని కట్టిన కేంద్రాలు చాలావరకు గ్యాస్ లేక మూలన పడ్డాయి. కర్నూలు పక్కన గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది.

ఈ జాబితాకూ మీ బిల్లుకూ ఉన్న లంకె ఇది. ఆగస్టు, సెప్టెంబరుల్లో శ్రీశైలం నిండితే నీటి కరెంటు చవగ్గా దొరుకుతుంది. మార్చిలో యాసంగి వరికి మోటార్లు, పట్టణాల్లో ఏసీలు ఒకేసారి తిరుగుతాయి, నదుల్లో నీళ్లుండవు. తెలంగాణ డిమాండు 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. పగలు సోలార్ ఆదుకుంటుంది. సాయంత్రం సూర్యుడు దిగగానే లోటును పవర్ ఎక్స్ఛేంజీలో కొనాలి, అక్కడ యూనిట్ ధర గరిష్ఠ పరిమితి 10 రూపాయల దాకా వెళ్తుంది. అలా కొన్నదాన్ని 1.95కో 3 రూపాయలకో అమ్ముతారు. ఆ తేడాను కొంత ప్రభుత్వ సబ్సిడీ, కొంత పరిశ్రమలు, దుకాణాలు కట్టే ఎక్కువ రేటు, కొంత 300 దాటి కాల్చే ఇళ్లు పూడుస్తాయి. పై శ్లాబు 9, 10 రూపాయలుండటానికి కారణం అదే.

మీటరు మీద అనుమానం ఉంటే ఫీజు కట్టి పరీక్షకు రాసే ముందు ఇంట్లోనే చూసుకోవచ్చు, పావుగంట పని. మీటరు ముఖం మీద 3200 ఇంపల్స్ అనో, 1600 అనో రాసి ఉంటుంది. పక్కన ఎర్ర లైటు అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అని అర్థం. ముందు మెయిన్ ఆపేయండి. లైటు ఒక్కసారి కూడా మిణుకుమనకూడదు. మిణుకుమంటే మెయిన్‌కి ముందే ఎవరో వైరు లాగారు, లేదా మీటరు పాడైంది. తర్వాత మెయిన్ వేసి, ఇంట్లో అన్నీ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపి, 1000 వాట్ల నీళ్లు కాచే రాడ్ ఒక్కటే బకెట్ నీళ్లలో పెట్టి వేయండి. 3200 మీటరైతే పది మిణుకులకు 11 సెకన్ల పైన పట్టాలి. వోల్టేజీ 230 ఉంటేనే ఈ లెక్క. 210కి పడిపోతే అదే రాడ్ 830 వాట్లే లాగుతుంది, పది మిణుకులకు పదమూడున్నర సెకన్లు పడుతుంది. పది మిణుకులు తొమ్మిది సెకన్లలోనే అయిపోతే అప్పుడు పరీక్షకు అర్జీ పెట్టండి.

చాలా ఇళ్లలో దొరికే తప్పు మీటరులో ఉండదు, న్యూట్రల్‌లో ఉంటుంది. కింద ఓనరు, పైన కిరాయి పోర్షన్, రెండు మీటర్లు. వైరింగ్ చేసినవాడు ఫేజులు విడివిడిగా లాగి న్యూట్రల్ మాత్రం రెండిటికీ కలిపేస్తాడు. ఇప్పటి మీటర్లు దొంగతనం పట్టుకోవడానికి ఫేజులో పోయే కరెంటునూ, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటునూ రెండిటినీ కొలిచి ఏది ఎక్కువైతే దాన్నే లెక్కకు తీసుకుంటాయి. పై ఇంటి కరెంటు కింది మీటరు న్యూట్రల్ గుండా తిరిగొస్తే ఒకే కరెంటుకు రెండు మీటర్లూ తిరుగుతాయి. దీనికి గుర్తు మీటరు మీద ఎర్త్ లీకేజీ లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉండటం. ఇన్వర్టర్ బిగించినప్పుడు దాని న్యూట్రల్‌ను ఇంకో సర్క్యూట్‌కి కలిపినా ఇదే జరుగుతుంది. మంచి ఎలక్ట్రీషియన్ గంటలో విడదీస్తాడు, డిస్కం వాళ్లతో పనే లేదు.

గీత కిందకు దిగడానికి నా ఓటు ఫ్యాన్లకు. ఏసీ మీద అందరి కళ్లూ ఉంటాయి, అది నడిచేది నాలుగు నెలలు. పాత ఫ్యాన్ 75 వాట్లు. నాలుగు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 135 యూనిట్లు. కొత్త రకం మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాన్ 28 వాట్లు లాగుతుంది, అవే నాలుగింటికి నెలకు 50. ఏడాది పొడుగునా నెలకు 85 యూనిట్ల తేడా. 250 కాల్చే ఇల్లు 165కి దిగితే ఎనర్జీ చార్జీ 1405 నుంచి 652కి పడిపోతుంది. గీజర్‌ను 2 కిలోవాట్లు అని భయపడతారు కానీ అరగంట వేస్తే ఒక యూనిట్. రోజంతా ఆన్‌లో వదిలేస్తేనే అసలు నష్టం.

రెండో మీటరు తీసుకుని వాడకాన్ని పంచుకునే ఉపాయం అందరూ చెబుతారు. వేరే ద్వారం, వేరే వైరింగ్, వేరే కాపురం ఉంటే తప్పు లేదు. ఒకే వంటగది, ఒకే కుటుంబం అయితే తనిఖీలో రెండిటినీ కలిపి బిల్లు వేస్తారు. ఆ దారిని నమ్ముకోకండి.

సోలార్ ఎవరికి పనికొస్తుందో శ్లాబే చెబుతుంది. ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి, వంద చదరపు అడుగుల నీడ లేని డాబా కావాలి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు గరిష్ఠ సబ్సిడీ. తెలంగాణలో 350 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ చార్జీ 2240. రెండు కిలోవాట్లు పెడితే నెలకు 240 తగ్గి 110 యూనిట్లు మిగులుతాయి, వాటికి 388 రూపాయలు. నెలకు 1850 మిగిలితే పెట్టుబడి సుమారు నాలుగేళ్లలో తిరిగొస్తుంది. 180 యూనిట్ల ఇంటికి మొత్తం కరెంటు సున్నా అయినా మిగిలేది 724 మాత్రమే. జీరో బిల్లు ఇంటికైతే మిగిలేదేమీ లేదు.

బిగించేటప్పుడు మూడు చోట్ల దెబ్బ తింటారు. ఒకటి, వాటర్ ట్యాంకు నీడ. సాయంత్రం నాలుగింటికి ఒక ప్యానెల్ మీద పడే నీడ, దానితో వరసగా కలిపిన ప్యానెళ్లన్నిటి ఉత్పత్తినీ దించేస్తుంది. రెండు, కరెంటు పోయినప్పుడు సోలార్ ఉంది కదా అనుకోవడం. లైను మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది, బ్యాటరీ లేకపోతే ఇంట్లో చీకటే. మూడోది అన్నిటికంటే ఖరీదైనది. ప్యానెళ్లు బిగించేశారు, రెండువైపులా కొలిచే నెట్ మీటరు రావడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా ఊరికే ఎందుకని స్విచ్ వేస్తారు. పాత మీటర్లలో చాలావాటికి కరెంటు ఏ దిక్కుకు పోతోందో పట్టింపు లేదు. బయటికి పంపినదాన్ని కూడా వాడినట్టే లెక్కేస్తాయి. ఆ నెల సోలార్ ఇంటికి మామూలు కంటే ఎక్కువ బిల్లు వస్తుంది. నెట్ మీటరు బిగించి, దాని తెర మీద ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు రెండు అంకెలూ విడివిడిగా కనిపించాకే స్విచ్ వేయాలి.

ఫిర్యాదుకు రెండు రాష్ట్రాల్లోనూ 1912. ఫోన్ చేసినప్పుడు ఇచ్చే ఫిర్యాదు నంబరు తప్పకుండా రాసుకోండి. బిల్లు వివాదమైతే ముందు ఈఆర్వో, అక్కడ తేలకపోతే డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. లాయర్ అక్కర్లేదు. బిల్లులు, తేదీ ఉన్న మీటరు ఫోటోలు, మొదట పెట్టిన అర్జీ మీద ఆఫీసు ముద్ర వేసిన నకలు ఉంటే చాలు.